ముద్ద గొంతు దిగాక

(భీమవరంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం హాల్లో రిటైరైన బయోకెమిస్ట్రీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది కాబట్టి మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో హోరు వస్తోంది. సరే.

ముందు ఒక గాజు గొట్టం సంగతి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ల్యాబుకి ఒకాయన రక్తపరీక్షకి వచ్చాడు. రక్తం తీసి, గడ్డ కట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలన్నీ అడుక్కి దిగిపోతాయి. పైన సీరం తేలుతుంది. కొబ్బరినీళ్ళలో చిటికెడు పసుపు కలిపినట్టు లేత రంగులో, తేటగా ఉంటుంది అది. ఈయన గొట్టం బయటికి తీస్తే పైన పాలు! అచ్చంగా పాలు. మా టెక్నీషియన్ ఆయన్ని పిలిచి, "ఏం తిని వచ్చారండీ?" అన్నాడు. "మా బావమరిది కూతురి పెళ్ళండీ. భోజనం చేసి మూడు గంటలైంది. ఊళ్ళోకి ఎలాగూ వచ్చాను కదా, ఈ పని కూడా అయిపోతుందని..." అన్నాడాయన. బూరెలు ఎన్ని తిన్నారని అడిగితే లెక్కపెట్టలేదన్నాడు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకున్నారా అంటే, ఆ ప్రశ్నకి నొచ్చుకున్నాడు. పోయించుకోకుండా ఎవరు తింటారండీ? (నవ్వులు)

ఆ గొట్టాన్ని పారబోయకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం. ఇది పాత పద్ధతి. ఇప్పుడు యంత్రాలు వచ్చాక ఎవరూ చెయ్యడం లేదు గానీ చూడముచ్చటగా ఉంటుంది. పొద్దున్న తీసి చూస్తే పైన అరంగుళం మందాన మీగడ కట్టి, కింద సీరం తేటగా ఉంది. ఆ మీగడ ఏమిటి? నిన్న మధ్యాహ్నం బూరెలోకి దిగిన నెయ్యే. రూపం మారింది, అంతే.

కొవ్వు ఒంట్లోకి వెళ్ళే దారి వేరండీ. అన్నంలోని గ్లూకోజు, పప్పులోని అమైనో ఆమ్లాలు పేగు దాటగానే నేరుగా లివర్‌కి చేరతాయి. లివర్ చెక్‌పోస్టు లాంటిది, దాన్ని దాటుకునే ఊళ్ళోకి వెళ్ళాలి. కొవ్వు మాత్రం ఆ రోడ్డు ఎక్కదు. పేగు గోడలోని కణాలు దాన్ని సన్నటి బొట్లుగా చేసి, ప్రొటీన్ తొడుగు తొడిగి, లింఫ్ నాళాల్లోకి, అంటే రక్తనాళాలు కాక వేరే ద్రవం పారే సన్నటి గొట్టాల్లోకి, వదులుతాయి. ఈ బొట్లని కైలోమైక్రాన్లు అంటారు. అవి వెన్నెముక పక్కగా పైకి ఎక్కి, ఎడమ మెడ కింద పెద్ద సిరలో కలుస్తాయి. లివర్‌ని చుట్టు తిరిగి, ముందు ఒళ్ళంతా ఊరేగుతాయన్నమాట. దారిలో కండరాల దగ్గర, కొవ్వు కణాల దగ్గర రక్తనాళాల గోడలకి అంటుకుని ఒక ఎంజైమ్ ఉంటుంది. లైపోప్రొటీన్ లైపేజ్. బొట్టుని అక్కడ ఆపి, కొవ్వు దించేసుకుంటుంది. భోజనం అవగానే ఇన్సులిన్ పెరుగుతుంది కదా, అప్పుడు కొవ్వు కణాల దగ్గరున్న లైపేజ్ చురుగ్గా ఉంటుంది, కండరాల దగ్గరది మందగిస్తుంది. ఒళ్ళు వంచి పని చేస్తే కండరాల దగ్గరది లేస్తుంది. అంటే అదే బూరె, అదే నెయ్యి. పెళ్ళిలో వడ్డించినవాడి ఒంట్లో ఒక చోటికి, కుర్చీలో కూర్చుని తిన్నవాడి ఒంట్లో ఇంకో చోటికి ఎక్కువ పోతుంది.

ఇది మొదటి గొట్టం. రెండో గొట్టం నాది.

రిటైరైన ఏడాది నేను పరీక్ష చేయించుకున్నాను. పన్నెండు గంటలు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 412 వచ్చాయి. 150 లోపు ఉండాలి. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే పాఠం చెప్పినవాణ్ణి. ఇంట్లో చెప్తే మా ఆవిడ మొదట చేసిన పని నూనె సీసా దాచెయ్యడం. నేనూ సరేనన్నాను. మూడు నెలలు వేపుళ్ళు బంద్, నెయ్యి బంద్, అప్పడం కూడా నిప్పుల మీద కాల్చిందే. మళ్ళీ చేయించుకుంటే 380.

అప్పుడు బుద్ధి వచ్చి, మా పాత ల్యాబు కుర్రాణ్ణి బతిమాలి నా సీరం ఫ్రిజ్‌లో పెట్టించాను. పొద్దున్న చూస్తే మీగడ లేదు. గొట్టం పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా మబ్బు పట్టి ఉంది, బియ్యం కడిగిన నీళ్ళలా. చూడగానే సిగ్గేసింది. ఎందుకంటే మీగడ కడితే అది తిన్న కొవ్వు. మబ్బుగా నిలిచిపోతే అది తిన్న కొవ్వు కాదు, లివర్ తానే సరుకు చేసి రక్తంలోకి పంపిన కొవ్వు. దాని బొట్లు ఇంకా చిన్నవి, పైకి తేలి మీగడ కట్టవు. నేను మూడు నెలలు దాచిపెట్టింది నూనె సీసా. దాచాల్సింది బియ్యం డబ్బా. పూర్తిగా కాదులెండి, సగం.

"అన్నానికీ కొవ్వుకీ ఏమిటండీ సంబంధం?" అంటారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదే అది, కాస్త నెమ్మదిగా చెబుతాను.

మన భోజనం గుర్తు చేసుకోండి. పప్పన్నం, తర్వాత కూరన్నం, తర్వాత పులుసన్నం లేదా చారన్నం, చివర పెరుగన్నం. ప్రతిదానికీ అన్నమే వాహనం. నాలుగుసార్లు కలుపుకుంటాం. కంచంలో కూర అంచుకి, అన్నం మధ్యకి. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థమే 78 గ్రాముల దాకా ఉంటుంది. అది గ్లూకోజై రక్తంలోకి వస్తే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. ఇన్సులిన్ కొవ్వు కణాలకి "కొళాయి కట్టెయ్యండి, దాచుకున్నది బయటికి వదలొద్దు" అంటుంది. ఆ కబురు నిమిషాల్లో అందుతుంది. లివర్‌కి "గ్లూకోజుని గ్లైకోజెన్ అనే నిల్వ సరుకుగా దాచు" అంటుంది. కానీ లివర్‌లో ఆ గాదె చిన్నది, ఇంచుమించు నూరు గ్రాములు. అది నిండాక మిగిలినదాన్ని కొవ్వుగా మార్చడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. కొత్త కొవ్వు తయారీలో మొదట పుట్టే ముక్క పేరు మెలోనైల్ కోఏ. ఇటుక అనుకోండి. ఇదే ముక్క ఇంకో పని కూడా చేస్తుంది. కణంలో కొవ్వుని మండించే పొయ్యిలుంటాయి, మైటోకాండ్రియాలు. కొవ్వు వాటిలోకి వెళ్ళే గుమ్మానికి ఇది అడ్డం పడుతుంది. మీ వీధిలో ఎవరైనా మేడ కడుతూ లారీ ఇసుక తెచ్చి గేటు ముందే పోయించారనుకోండి. కట్టుబడి జరిగినన్నాళ్ళూ బండి బయటికి తీయలేరు. అచ్చం అదే. కొవ్వు కట్టే పని సాగుతున్నంతసేపూ కొవ్వు కాల్చే గేటు మూతపడి ఉంటుంది. అమెరికాలో డల్లాస్‌లో మెక్‌గ్యారీ, ఫాస్టర్ అనే ఇద్దరు 1977లో దీన్ని బయటపెట్టారు. మీలో ఎంతమందికి పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు? (చేతులు లేస్తాయి, నవ్వులు) చూశారా! ఇవాళ నేను చెప్పేవాటిలో నాలుగు సంగతులు ఆ ఊరివే.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తిన్న అన్నమంతా కొవ్వైపోతుందని కొందరు యూట్యూబులో ఊదరగొడుతున్నారు. అంత లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో పిండి నుంచి నేరుగా కొవ్వుగా మారేది తక్కువే. అసలు దెబ్బ కాల్చడం ఆగిపోవడంలో ఉంది. ఫ్యాటీ లివర్ ఉన్న తొమ్మిది మంది మీద 2005లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. చిన్నదే గానీ చాలా ఓపికగా చేశారు. లివర్‌లో పేరుకున్న కొవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో అణువులకి గుర్తులు పెట్టి లెక్క తీశారు. 59 శాతం ఒంట్లోని కొవ్వు కణాల నుంచి కారి వచ్చింది. 26 శాతం లివర్ కొత్తగా తయారు చేసుకుంది. తిన్న నూనె, నెయ్యి, మాంసాల కొవ్వు వాటా 15 శాతం. మా ఆవిడ దాచిన సీసా విలువ ఆ పదిహేను అన్నమాట.

ఇప్పుడు జన్యువుల దగ్గరికి వస్తాను. జన్యువు అనగానే మనవాళ్ళు తలరాత అనుకుంటారు. "మా వంశంలోనే ఉందండీ షుగరు" అని చేతులెత్తేస్తారు. జన్యువు ఉండటం వేరు, అది పని చేయడం వేరు. పెళ్ళి వంటలవాళ్ళ గోదాము చూశారా ఎప్పుడైనా? గంగాళాలు, గుండిగలు, బూరెల మూకుళ్ళు, జల్లిగరిటెలు, అన్నీ ఉంటాయి. కానీ అన్నీ లారీ ఎక్కవు. ఆ రోజు మెనూ చూసి, కావలసినవే దింపుతారు. మన ప్రతి కణంలోనూ ఇరవై వేల దాకా జన్యువులున్నాయి. కంటి కణంలోనూ అవే, కాలి కణంలోనూ అవే. ఏది బయటికి తీయాలో చెప్పే మెనూ కాగితాల్లో ఒకటి మనం తిన్న తిండి.

దీన్ని మొదట తేల్చింది మనుషుల్లో కాదు, పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియాలో. ఫ్రాన్సులో మోనో, జాకబ్ అని ఇద్దరు. గ్లూకోజు, పాలచక్కెర రెండూ కలిపి పెడితే బాక్టీరియా ముందు గ్లూకోజంతా తినేస్తుంది. అదయ్యాక కాసేపు ఎదుగుదల ఆగుతుంది. తర్వాత పాలచక్కెర తినడం మొదలుపెడుతుంది. ఆ కాసేపట్లో ఏం జరుగుతోంది? పాలచక్కెరని విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువుకి తాళం తీస్తోంది. తాళంచెవి ఎవరు? పాలచక్కెరే. 1961లో ఈ ఏర్పాటు మొత్తం వివరించారు, 1965లో నోబెల్ వచ్చింది.

మన లివర్‌లోనూ అలాంటి తాళాలున్నాయి. ఇన్సులిన్ పెరిగితే స్రెబ్‌పీ అనే ప్రొటీన్ లేచి కణకేంద్రకంలోకి వెళ్ళి, కొవ్వు తయారుచేసే ఎంజైముల జన్యువుల్ని మేల్కొలుపుతుంది. గ్లూకోజు తానే లేపే ఇంకో ప్రొటీన్ ఉంది, క్రెబ్‌పీ. ఒకటి హార్మోన్ మాట వింటుంది, రెండోది నేరుగా చక్కెర మాటే వింటుంది. ఈ రెండు సంగతులూ డల్లాస్‌లోనే తేల్చారు. ఇందాకటి ఇసుక కుప్ప నిమిషాల వ్యవహారం. ఈ జన్యువుల వ్యవహారం గంటలు, రోజులు. ఒకపూట పెళ్ళిభోజనంతో ఏమీ కాదు, మూకుళ్ళు కడిగి మళ్ళీ గోదాములో పెట్టేస్తారు. రోజూ మూడు పూటలా అదే మెనూ అయితే సామాను ఇక గోదాముకి తిరిగి వెళ్ళదు, వాకిట్లోనే ఉంటుంది. నా రెండో గొట్టం అదే.

దీనికి ఎదురు తాళం కూడా ఉంది. రాత్రి తొందరగా తిని, పొద్దున్నదాకా ఖాళీగా ఉంటే కొవ్వు కణాల కొళాయి తెరుచుకుంటుంది. అందులోంచి వచ్చిన కొవ్వు ఆమ్లాలు లివర్ కణాల్లో పీపార్-ఆల్ఫా అనే ప్రొటీన్‌కి వెళ్ళి అతుక్కుంటాయి. అది కొవ్వుని కాల్చే జన్యువుల్ని లేపుతుంది. కొవ్వే వచ్చి తన పొయ్యిని తానే వెలిగించుకుంటుందన్నమాట. చేపల్లో ఉండే ఒమేగా-3 లాంటి కొవ్వులు ఈ పని బాగా చేస్తాయి. పైగా ఇందాక చెప్పిన స్రెబ్‌పీని అణచిపెడతాయి. చేపలంటే మన భీమవరానికి చెప్పాలా! కాకపోతే మన చెరువుల శీలావతి, బొచ్చెల కన్నా సముద్రపు కవళ్ళలో, కానాగంతల్లో ఈ రకం కొవ్వు ఎక్కువ. కవళ్ళు చవకరకమని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. తిననివాళ్ళకి అవిసెగింజలున్నాయి. వాటిలోది దీని చిన్నతమ్ముడు, ఒంట్లో అసలు రూపానికి మారేది కొద్దిగానే.

కూల్‌డ్రింకుల్లోని ఫ్రక్టోజు అనే చక్కెర గురించి ఒక్క ముక్క. గ్లూకోజుని ఒళ్ళంతా పంచుకుంటుంది. ఫ్రక్టోజులో చాలాభాగం లివరే చూసుకోవాలి, గ్లూకోజుకి ఉన్న అడ్డుకట్ట దానికి లేదు. అంతే, ముందుకెళదాం.

ఇప్పుడు ఆకలి. ఇది నాకు ఇష్టమైన భాగం, కొంచెం ఎక్కువ మాట్లాడితే ఏమీ అనుకోకండి.

లావుగా ఉన్నవాణ్ణి చూడగానే "నోరు కట్టుకోలేడు" అంటాం. నేనూ అనేవాణ్ణి. 1997లో ఇంగ్లండులో ఇద్దరు పిల్లల సంగతి ప్రచురించారు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం, వరసకి అక్కాతమ్ముళ్ళు. పాపకి ఎనిమిదేళ్ళు, బరువు 86 కిలోలు. బాబుకి రెండేళ్ళు, 29 కిలోలు. పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు. తర్వాత ఎంత తిన్నా ఆకలే. తీరా చూస్తే వాళ్ళ ఒంట్లో లెప్టిన్ అనే హార్మోన్ లేదు. అది అంతకు మూడేళ్ళ ముందే, 1994లో, న్యూయార్కులో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుకల్లో కనిపెట్టిన హార్మోన్. కొవ్వు కణాలే దాన్ని తయారుచేసి, "ఇక్కడ సరుకు ఉంది, కంగారు లేదు" అని మెదడుకి కబురు పంపుతాయి. ఈ పిల్లల్లో ఆ కబురు మోసే జన్యువే చెడిపోయింది. ఇంటినిండా బియ్యం బస్తాలున్నా మెదడుకి కరువే తెలుస్తుంది. పాపకి రోజూ లెప్టిన్ ఇంజెక్షను ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆకలి మామూలైంది, ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గింది. నోరు కట్టుకోవడం ఎవరూ నేర్పలేదండీ ఆ పిల్లకి. కబురు అందింది, అంతే.

అయితే అందరికీ ఆ ఇంజెక్షను ఇచ్చేస్తే పోలేదా? కంపెనీలూ అలాగే ఆశపడ్డాయి. పని చెయ్యలేదు. ఎందుకంటే లావుగా ఉన్నవాళ్ళలో చాలామందికి లెప్టిన్ తక్కువ కాదు, మెండుగా ఉంటుంది. కొవ్వు కణాలు గొంతు చించుకుంటున్నాయి, మెదడుకే చెవుడు వచ్చింది. మన హైదరాబాదులో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడి ఎలుకల్లో 1996లో అలాంటి రకం ఒకటి తనంతట తాను పుట్టింది. లెప్టిన్ దండిగా ఉంటుంది, అయినా తింటూనే ఉంటాయి, బంతుల్లా తయారవుతాయి.

ఆకలి పుట్టించే హార్మోన్ వేరే ఉంది. గ్రెలిన్. జపాన్‌వాళ్ళు 1999లో కనిపెట్టారు. పొట్ట ఖాళీగా ఉంటే పొట్టగోడలోంచే పుడుతుంది. దీనికొక వింత లక్షణం. పుట్టగానే పనికిరాదు. ఎనిమిది కర్బనాల చిన్న కొవ్వుముక్క ఒకటి తోకలా తగిలిస్తేనే మెదడు గుర్తుపడుతుంది. తగిలించే ఎంజైమ్‌ని 2008లో కనిపెట్టారు. ఎక్కడ? (సభలోంచి: డల్లాస్!) డల్లాస్. ఆ ముక్క తిన్న తిండిలోంచి కూడా రాగలదని ఎలుకల్లో చూశారు. కొబ్బరినూనెలో అలాంటి కొవ్వు కొంత ఉంటుంది. రేపొద్దున్న "కొబ్బరి తింటే ఆకలి పెరుగుతుందని మాస్టారు చెప్పారు" అని వాట్సాప్‌లో పెట్టకండి. మనుషుల్లో అది అంత సూటిగా లేదు.

ఇక ఆకలిని ఆపే పేగు హార్మోన్, జీఎల్‌పీ-1. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లని మనవాళ్ళు కూడా వాడుతున్నారే, వాటికి మూలం ఇదే. తిండి చిన్నపేగు చివరికంటా చేరేసరికి అక్కడి కణాలు దీన్ని వదులుతాయి. ఇన్సులిన్‌ని పెంచుతుంది, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపచేస్తుంది, మెదడుకి "చాలు" అంటుంది. చిక్కేమిటంటే ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, రెండు నిమిషాల్లోనే సగం విరిగిపోతుంది. షుగరుకి వాడే గ్లిప్టిన్ బిళ్ళలు ఆ విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపుతాయి. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి ఉంది. దాని లాలాజలంలో ఇలాంటిదే, కానీ త్వరగా విరగని పదార్థం దొరికింది. అందులోంచి 2005లో మొదటి మందు వచ్చింది. ఇప్పటి మందులు వారానికి ఒక సూది చాలు. బాగా పనిచేస్తున్నాయి, నేను కాదనను. మందు ఆపితే తగ్గిన బరువులో చాలాభాగం తిరిగి వస్తోంది, అది కూడా చెప్పే అమ్మాలి.

మరి మామూలు తిండి ఈ హార్మోన్లని ఏం చేస్తుంది? పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఇలా ప్రొటీన్ ఉన్నవి పేగులోని "చాలు" కబుర్లని బాగా లేపుతాయి. పీచు కూడా అంతే, కొంచెం చుట్టుదారిలో. పీచుని మనం అరిగించుకోలేం, పెద్దపేగులో బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు చేస్తాయి. అవి ఆ హార్మోన్ కణాలని తడతాయి. బ్యూటిరేట్ ఇంకో అడుగు ముందుకెళ్ళి, డీఎన్‌ఏ చుట్టలు బిగుసుకోకుండా చూసి, కొన్ని జన్యువుల తలుపులు తెరిచి ఉంచుతుంది. మా అమ్మ చద్దన్నం తినమంటే స్కూలుకి లేటని ఏడ్చేవాణ్ణి. వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగని రకంగా గట్టిపడుతుంది, అది కూడా పెద్దపేగుకి చేరి పీచులాగే పనికొస్తుంది. చద్దన్నం అమృతం అని పోస్టులు పెట్టేవాళ్ళంత దూరం నేను వెళ్ళను. వేడన్నం కన్నా ఒక మెట్టు మేలు, అంతవరకే.

2019లో అమెరికా ప్రభుత్వ ఆస్పత్రిలో కెవిన్ హాల్ అనే ఆయన ఇరవై మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి తిండి పెట్టాడు. రెండు వారాలు ప్యాకెట్ల తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట. పళ్ళెంలో పెట్టే చక్కెర, కొవ్వు, పీచు, కెలోరీలు రెండింట్లోనూ సమానం. ఎంత కావాలంటే అంత తినండి అన్నారు. ప్యాకెట్ల వారాల్లో రోజుకి 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో పెరిగారు. ఇంటి తరహా వంట వారాల్లో దాదాపు కిలో తగ్గారు. మనుషులు వాళ్ళే, మనోబలం అదే.

ఇప్పుడు మన ఊరి మనిషి దగ్గరికి రావాలి. యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో ఇక్కడే భీమవరంలో పుట్టారు. బయోకెమిస్ట్రీ చదివే ప్రతి కుర్రాడూ ల్యాబులో ఫాస్ఫరస్ కొలిచేది ఆయన పేరున్న పద్ధతిలోనే. ఆయన తోబుట్టువు ఒకరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూకి అది మందైంది. గర్భిణులకి ఇవాళ ఇచ్చే బిళ్ళ అదే.

ఆ ఫోలిక్ యాసిడ్ 2003లో ఇంకో కథలోకి వచ్చింది. అగూటీ అనే రకం ఎలుకలున్నాయి. పసుపు బొచ్చు, విపరీతమైన లావు. ఒక జన్యువు ఆగకుండా పనిచేస్తూ, మెదడులో "చాలు" అనే తాళానికి అడ్డం పడుతుంది. అందుకే అవి తింటూనే ఉంటాయి. అమెరికాలో వాటర్‌ల్యాండ్, జిర్టిల్ అనేవాళ్ళు గర్భంతో ఉన్న తల్లులకి ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్, కోలిన్, బీటైన్ అనే పోషకాలు కలిపి పెట్టారు. పుట్టిన పిల్లల్లో గోధుమరంగువి, సన్నటివి పెరిగాయి. జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. ఈ పోషకాలు అందించే మిథైల్ అనే చిన్న బిరడా ఆ జన్యువు మీద బిగుసుకుంది, అంతే. అమ్మ తిన్న తిండి బిడ్డ జన్యువు నోరు మూయించింది.

ఇది విని "అయితే ఫోలిక్ యాసిడ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనుకుంటాం. పుణె దగ్గర ఆరు పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ 1993 నుంచి గర్భిణుల్ని, పిల్లల్ని గమనిస్తున్నారు. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు పిల్లలది 3.5. మనవాళ్ళు అన్నిట్లో చిన్నవాళ్ళే. కండ తక్కువ, పొట్ట చిన్న, ఎముక చిన్న. కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. సన్నగా కనిపించే లావుపిల్లలన్నమాట. ఆ పల్లెల్లో మూడింట రెండువంతుల మంది తల్లులకి బి12 తక్కువ. బి12 తక్కువగా ఉండి ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్, ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకే ఆరేళ్ళకి ఇన్సులిన్ మాట వినని గుణం అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది. ఈ రెండూ జోడెడ్ల లాంటివి. ఒకదానికే మేత పెడితే కాడి వంకర పోతుంది.

హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇలాంటి మంచి పని జరిగింది. 1987 నుంచి 1990 వరకు కొన్ని పల్లెల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి మొక్కజొన్న-సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా పెట్టారు. కొన్ని పల్లెలకి ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. కొవ్వు పాళ్ళలో తేడా లేదు. కానీ ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంగన్‌వాడీ ఉప్మాని మనం ఎంత తేలిగ్గా మాట్లాడతామండీ! పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో దాని గుర్తు కనపడింది.

నా సంగతి పూర్తి చేస్తాను. ఉదయం నాలుగిడ్లీలకి బదులు పెసరట్టు. మధ్యాహ్నం అన్నం ఒక్కసారి, పప్పు గట్టిగా, కూర అన్నం కన్నా ఎక్కువ. టీలో చక్కెర మానేశాను. రాత్రి ఏడున్నరకల్లా తినడం, తర్వాత అరగంట నడక. నూనె సీసా తిరిగి వంటగదిలోకి వచ్చింది. ఆరు నెలలకి 178. ఇది నా ఒంటి లెక్క. షుగరుకి మందులు వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే కళ్ళు తిరిగి పడతారు, జాగ్రత్త.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నామండీ. మంచిదేనా?)

ఎన్ని తింటున్నారు? (నాలుగు.) నాలుగు చపాతీలంటే అన్నం ఏమీ తగ్గలేదండీ, గుండ్రంగా మారింది. (నవ్వులు) గోధుమలో ప్రొటీన్, పీచు కాస్త ఎక్కువ, నిజమే. రెండు చేసుకుని, మిగతా రెండింటి ఖాళీలో పప్పో, గుడ్డో, ఆకుకూరో పెట్టండి. జొన్నరొట్టె చేయడం వస్తే ఇంకా మేలు.

(ఒకావిడ: మా కోడలికి మూడో నెల. డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ బిళ్ళ రాసింది. మీరు చెప్పింది వింటే భయంగా ఉంది. ఆపెయ్యమంటారా?)

అమ్మా, మంచిపని చేశారు అడిగి. ఆపకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోవడానికి ఆ బిళ్ళ కావాలి. అసలు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. నేను చెప్పింది రెండో ఎద్దు గురించి. మీ కోడలు మాంసం, చేపలు తింటుందా? (శాకాహారులమండీ.) అయితే ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు బి12 ఎంతుందో చూడమని డాక్టరమ్మని అడగండి. తక్కువుంటే ఆవిడే మందు రాస్తుంది. ఆ అమ్మాయి పాలు, పెరుగు తాగుతుందా? (మజ్జిగే తాగుతుందండీ, పెరుగు వేసుకోమంటే వాసనంటుంది.) మజ్జిగే తాగనివ్వండి. నీళ్ళు మాత్రం తక్కువ పోయండి.